రెండు మూరల అరుగు

తృప్తి అనే మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది.

మా నాయనను పొగడాలనుకున్న ప్రతి ఒక్కరూ ఆ మాటే వాడారు. "జగన్నాథం సామికున్నంత తృప్తి ఈ జమ్మలమడుగులో ఎవురికుండాదప్పా?" అనేవాళ్లు. అన్నవాళ్లు వట్టి చేతులతో వెళ్లేవాళ్లు కాదు. ఒకసారి ఒక పెళ్లింటివాళ్లు అట్లాగే అని మా పెరట్లో నిమ్మకాయలన్నీ కోసుకుపోయారు. ఇంకొకరు బావి గిలక అడిగి తీసుకుపోయి మళ్లీ తేలేదు. ఆరు నెలలు అమ్మ గిలక లేకుండానే అరచేతులు కాయలు కాచేలా నీళ్లు చేదింది. నాయన మాత్రం రామాలయంలో పూజ చేసుకుంటూ, ఏకాదశులకు పురాణం చెప్పుకుంటూ, ఎవరినీ ఏమీ అడగకుండా నవ్వుతూ తిరిగేవాడు. ఆ నవ్వు చూసి ఊరు మురిసిపోయేది.

నేను ముద్దనూరు దగ్గర మా తాత పల్లెలో ఎనిమిదో తరగతి దాకా చదివాను. పాసైన ఏడు మా అయ్యవారు ప్రొద్దుటూరులో టీచరు ట్రైనింగుకు దరఖాస్తు కాగితం తానే తెచ్చి ఇచ్చాడు. నాయన సంతకం ఒక్కటే కావాలి. ఆ పూట మా ఇంటికి వచ్చిన పెద్దమనిషి ఒకాయన, "ఆడపిల్లకు ఉద్యోగమా సామీ? మీ ఇంట్లో అంత ఆశ ఎప్పుడూ ల్యాకపాయనే!" అన్నాడు. నాయన నవ్వి, కాగితాన్ని మడిచి పంచాంగంలో పెట్టాడు. ఆ తర్వాత నాలుగు పంచాంగాలు మారాయి. కాగితం ఆ పాతదాంట్లోనే ఉంది.

కొంచెంతో బతకడం కష్టమై చెప్తున్న మాటలు కావివి. ఆ కొంచెమంటే నాకు ప్రాణం. మా ఇల్లు సందు మూలమీద ఉంది. ఒక నడవ, రెండు గదులు, వంటిల్లు, వీధివైపు నాపబండలు పరిచిన అరుగు. అరుగు వెడల్పు రెండు మూరలు. పొద్దున పెన్న వైపు నుంచి వచ్చే గాలి ముందుగా దాన్నే తాకుతుంది. ఎండ రాగానే అమ్మ గోడ పట్టుకుని మెల్లగా వచ్చి, వాచిన మోకాళ్లు ఎండకు చాపుకుని కూర్చుంటుంది. ఎదురుగా సాలె వనజమ్మ సందు పొడుగునా మగ్గానికి నూలు పడుగు చాచి గంజి పెడుతూ, "కమలాంబమ్మా, కాళ్లు ఎట్లుండాయి?" అని అక్కడి నుంచే కేకేస్తుంది. "ఉండాల్సిన చోటే ఉండాయి లేవే," అంటుంది అమ్మ. నేను పక్కన కూర్చుని శెనక్కాయలు ఒలుస్తాను. గోంగూర గంప ఆమె, మజ్జిగ కుండ ఆమె, గాజుల దిల్షాద్‌బీ అందరూ ఆ బండ మీద బరువు దించుకుని రెండు మాటలు చెప్పి పోతారు. ఇంతకన్నా ఏం కావాలి అని నేను ఎన్నోసార్లు అనుకున్నాను. ఎవరూ నేర్పకుండానే అనుకున్నాను.

నా బడి కూడా ఆ అరుగు మీదే మొదలైంది. దిల్షాద్‌బీ వెంట మనవరాలు మున్నీ వచ్చేది. అప్పటికి ఏడేళ్ల పిల్ల. అవ్వ అమ్మకు గాజులు తొడుగుతుంటే, ఆ పిల్ల గాజులు చుట్టిన పత్రిక కాగితాలు తీసి బోర్లా పడుకుని చూస్తుండేది. ఒకరోజు వేలు పెట్టి, "ఇది గాజు మాదిరి గుండ్రంగా ఉండాది, ఏందక్కా?" అంది. అది సున్నా. అట్లా మొదలైంది. రెండేళ్లు తిరిగేసరికి మున్నీతో కలిపి ఆరుగురు ఆడపిల్లలు. వనజమ్మ కూతుళ్లు ఇద్దరు, మాలాంటివాళ్ల పిల్లలు ముగ్గురు. మగపిల్లల మధ్య కూర్చోవద్దని ఎవరూ బడికి పంపని పిల్లలే అందరూ.

మా ఇంట్లోకి మున్నీ రాదు. రాకూడదు. నడవ దాటితే దేవుడి గూడు, మడి వంట. వీధిలో అయితే ఆడపిల్లలు కూర్చోరు. ఈ రెండింటికీ మధ్య మాకున్న చోటు ఆ రెండు మూరలే. మున్నీ వెళ్లిపోగానే అమ్మ ఒక చెంబెడు నీళ్లు అరుగు మీద కుమ్మరించేది. ఒకసారి మున్నీ వెనక్కి తిరిగి చూసి, "అవ్వ ఎందుకు నీళ్లు పోస్తాంది?" అని అడిగింది. "ఎండకు బండ కాలిపోతాంది కదా, చల్లబడడానికి," అన్నాను. అబద్ధం చెప్పాననే ఆలోచన కూడా నాకు రాలేదు.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన మరుసటి ఏడు సంగతి ఇది. పులివెందుల వైపు నుంచి వచ్చిన ఆదినారాయణ రెడ్డి మా సందు చివర శెనక్కాయల గోడౌను కట్టాడు. ప్రొద్దుటూరు మిల్లు నుంచి లారీ రావాలి. లారీ మా మూల దగ్గర తిరగడానికి అరుగు అడ్డం.

ఆ మాట ఆయన మా ఇంటికి వచ్చి అడగలేదు. గురువారం ఏకాదశి. సాయంత్రం రామాలయంలో నాయన పురాణం. ఉన్నది ఎవరైనా అడిగితే ఇచ్చి నవ్వగలిగినవాడే ధనవంతుడని నాయన చాలాసేపు చెప్పాడు. మంగళహారతి కాగానే రెడ్డి లేచి నిలబడ్డాడు. ఆయన చేతిలో తాంబూలం పళ్లెం ఉంది. ఆకులు, వక్కలు, కొబ్బరికాయ. అంటే ఇంటినుంచే సిద్ధమై వచ్చాడు.

"సామీ, శానా బాగా చెప్పినారు. ఇంత విన్నాక అడగాలంటే నాకే సిగ్గయితాంది. అయినా మీ కాడ కాకపోతే ఇంకెవురి కాడ అడుగుతా? మీ మూలమీద ఆ అరుగుండాదే, లారీ తిరగల్యాకుండా ఉండాది. ఆ రెండు మూరల రాయి తీపించినారంటే ఊరికే మేలు. మనిషిని నేనే పంపిస్తా. మీరు వేలు కదపాల్సిన పని ల్యా."

వెనకనుంచి ఎవరో, "జగన్నాథం సామి కాదంటాడా? ఇల్లు మొత్తం అడుగు రెడ్డీ, ఇస్తాడు!" అన్నారు. అందరూ నవ్వారు. నాయన కూడా నవ్వాడు. రెండు చేతులూ చాచి పళ్లెం అందుకుని కళ్లకద్దుకున్నాడు.

మా వైపు తాంబూలం అందుకుంటే మాట ఇచ్చినట్టే. పెళ్లి అయినా, పొలమైనా అంతే. ఆడవాళ్ల వైపు మా పక్కనే కూర్చున్న రెడ్డి భార్య పద్మావతమ్మ, అమ్మ చెయ్యి పట్టుకుని, "మీ ఆయన దేవుడు, కమలాంబమ్మా," అంది.

"అవునమ్మా. దేవుడికి మోకాళ్ల నొప్పులు ఉండవు కదా," అంది అమ్మ.

ఇంటికి వచ్చి తలుపు వేసేదాకా నేను నోరు విప్పలేదు. నేను మామూలుగా ఎదురు మాట్లాడే మనిషిని కాను. ఆ రోజు అడిగాను.

"నాయనా, అరుగు పోతే అమ్మ యాడ కూర్చుంటుంది?"

"లోపల కూర్చుంటుంది. ఇల్లు లేదా?"

"లోపలికి ఎండ రాదు."

"పెరట్లో వస్తుంది కదా."

"పెరట్లోకి నాలుగు మెట్లు దిగాల. అమ్మ దిగలేదని నీకు తెలుసు."

నాయన పళ్లెం దేవుడి గూటి ముందు పెట్టి, ఉత్తరీయం మడుచుకుంటూ, "రాతిముక్క కోసం ఇంత రచ్చ చేస్తావేమి కాత్యా? ఇంతసేపు నేను చెప్పిందేంది? వింటాండావా, నిద్రపోతాండావా?" అన్నాడు.

"విన్నాను. రెడ్డి కూడా విన్నాడు. విని ఆయన గోడౌను ఒక మూరైనా లోపలికి జరుపుకున్నాడా?"

నాయన ఉత్తరీయానికి ఇంకో మడత వేశాడు.

"నా పిల్లలు?"

"నడవలో కూర్చోబెట్టి చెప్పుకో. వద్దన్నానా?"

"మున్నీ?"

నాయన ఉత్తరీయం మడతలు సరిచేసి దండెం మీద వేశాడు. తొందర లేకుండా వేశాడు. "ఆ పిల్లకు అక్షరాలు వచ్చినాయి కదా. ఇంక చాలు," అన్నాడు.

తన విస్తట్లో అన్నం చాలు అనడం వేరు. ఎదుటివాళ్ల విస్తరి లాగేసి, నువ్వు తిన్నది చాలు అనడం వేరు. ఇంతకాలం ఆయనది తృప్తి అని నేనూ నమ్మాను. ఆయన ఇచ్చినవన్నీ ఎవరివో ఆ రోజు లెక్కకు వచ్చాయి. నిమ్మచెట్టుకు నీళ్లు పోసింది అమ్మ. గిలక లేని బావి చేదింది అమ్మ. సంతకం లేని కాగితం నాది. అరుగు మీద ఆయన కూర్చున్న పూట ఒక్కటీ నాకు గుర్తు రాలేదు. తనకు అక్కర్లేనివన్నీ తీసి ఇచ్చి నవ్వడానికి తృప్తి ఎందుకు?

మరుసటి రోజు శుక్రవారం. పొద్దున్నే పీర్ సాహెబ్ గడ్డపార భుజాన వేసుకుని వచ్చాడు. ఆయన రాతిపని మేస్త్రీ. దిల్షాద్‌బీ భర్త, మున్నీ తాత. వెనకే మున్నీ, చంకలో పలకతో.

"ఈ పొద్దు పీకనులే తల్లీ. జుమ్మా నమాజు ఉండాది నాకు. మీకూ శుక్రవారం ఇంట్లోది తీయకూడదు కదా. ఊరికే చూసిపోదామని వొచ్చినా. రెడ్డి పొద్దున్నే మనిషిని పంపినాడు," అంటూ గడ్డపార గోడకు ఆనించి, అరుగు అంచును అరచేత్తో తడిమాడు. "నేను పరిచిన బండలే ఇవి. మీ నాయనకు పెండ్లయిన ఏడు. ఈ మూల బండకు అంచు కొట్టేదానికి నాకు ఒక పూటంతా పట్టింది. ఒక్క పెచ్చు లేవల్యా చూడు. పరిచిన చేత్తోనే పీకమంటాండారు."

ఆయన దారం తీసి కొలుస్తూ, "మున్నీకి చెప్పినాలే, రేపట్నుంచి ఈడికి రావాల్సిన పని ల్యా అని. ఏడ్చింది. ఏం చేస్తాం. పేరు రాసేదొచ్చింది. మా ఇండ్లల్లో అదే శానా. చాల్లే," అన్నాడు.

మళ్లీ అదే మాట. పలక గుండెకు పట్టుకుని మున్నీ నా మొహం చూస్తూ నిలబడింది.

"చాలదు తాతా," అన్నాను. "రేపు పంపించు. పాఠం ఉంటుంది."

"యాడ?"

"లోపల. నడవలో."

పీర్ సాహెబ్ చేతిలో దారం జారిపోయింది. "లోపలికా? సామి ఇంట్లోకా?"

"నేనుండేదీ ఆ ఇంట్లోనే కదా."

ఎదురు సందులో వనజమ్మ గంజి కుంచె పట్టుకుని అట్లాగే నిలబడిపోయింది. "ఏంది కాత్యాయనమ్మా! సాయిబుల పిల్లను నట్టింట్లోకి పిలుస్తాండావా? సామి వింటే మూర్ఛపోతాడే!"

"వినాలనే గట్టిగా చెప్తాండా వనజక్కా. రేపు నీ పిల్లలనూ లోపలికే పంపించు."

మధ్యాహ్నం నాయన గుడి నుంచి వచ్చేసరికి ఆ మాట ఆయనకంటే ముందే ఊరు చుట్టేసింది. కాళ్లు కడుక్కోకుండానే గడపలో నిలబడ్డాడు.

"నువ్వన్నది నిజమేనా?"

"నిజమే. నువ్వు ఊరి ముందర అరుగిచ్చినావు. నేను సందు ముందర పిల్లను పిలిచినాను. నీ మాట వెనక్కి రాదు కదా నాయనా. నాదీ రాదు."

"మడి ఏం కావాల?"

"ఉన్నదాంతో సర్దుకోమని నువ్వే చెప్తావు కదా. అరుగు లేని ఇంట్లో మిగిలేది నడవే."

నాయన అమ్మ వైపు చూశాడు. నన్ను నోరు మూసుకోమని ఆమె అంటుందనుకున్నాడేమో. అమ్మ శెనక్కాయలు ఒలవడం ఆపలేదు. "నాకు నడవ అయినా సరే. ఆ పిల్ల పక్కన కూర్చుంటే నాకూ పొద్దుపోతుంది. ఎట్లాగూ ఎండ లేకపాయె," అంది. నిజంగానే అందో, నాకు తోడు నిలవడానికి అందో తెలియదు.

ఆ పూట నాయన సరిగా అన్నం తినలేదు. నడవలో ఆ చివర నుంచి ఈ చివరకు నడిచాడు. దేవుడి గూటికీ, నడవ మధ్యకూ ఎన్ని అడుగులో కొలిచినట్టు నడిచాడు. ఎండ తగ్గాక తాంబూలం పళ్లెం తీశాడు.

"ఇందులో రెండాకులు తక్కువున్నాయే?"

"ఇందాక అన్నం తిన్నాక వేసుకున్నా," అంది అమ్మ. "మన ఇంట్లోంచి పోయేవే కానీ వచ్చేవి ఎప్పుడున్నాయి? ఇదొక్కటి వచ్చింది కదా అని తిన్నా."

నాయన పళ్లెం ఉత్తరీయం కింద పెట్టుకుని రెడ్డి దగ్గరికి బయలుదేరాడు. దారిలో అంగట్లో రెండాకులు కొని కలిపాడట. నాకు తెలిసి ఆయన ఇచ్చినమాట వెనక్కి తీసుకోవడం అదే మొదలు.

దీపాలు పెట్టే వేళకు తిరిగి వచ్చాడు. పీట మీద కూర్చుని, "అరుగు ఉంటుంది," అన్నాడు.

గోడకు ఆనుకున్నాను. "ఏమన్నాడు రెడ్డి?"

"నవ్వినాడు. 'పురాణం మాకేనా సామీ, మీకు కాదా?' అన్నాడు."

"మరి లారీ?"

"పెన్న గట్టు మీదుగా వెనక వాకిలికి వస్తుందంట. ఆ దారి మొదటినుంచీ ఉండాదంట."

"దారి ఉంటే మన అరుగు ఎందుకు అడిగినాడు?"

"అడిగితే ఇస్తాననుకున్నాడంట," అన్నాడు నాయన. ఆ మాట ఆయనకు ఎక్కడా గుచ్చుకోలేదు. నాకు గుచ్చుకుంది. వాళ్లకు అవసరమై కాదు. మేము తేలిక గనుక అడిగారు.

"నువ్వేం చెప్పినావు రెడ్డికి? అమ్మ కాళ్ల సంగతి చెప్పినావా?"

"మడికి ఇబ్బంది అన్నా. ఆయనకు అర్థమయింది."

అమ్మ మోకాళ్ల కోసం వెళ్లలేదు. నా బడి కోసం వెళ్లలేదు. తొమ్మిదేళ్ల పిల్ల గడప దాటుతుందేమోనన్న భయం ఆయనను సందంతా నడిపించింది.

శనివారం తెల్లవారగానే నేను అరుగు మీదికి వచ్చి కూర్చున్నాను. బండలు రాత్రి చలికి ఇంకా చల్లగా ఉన్నాయి. పీర్ సాహెబ్ అంచు కొట్టిన మూల బండను నేనూ తడిమాను. పెన్న గాలి వచ్చింది. వనజమ్మ పడుగు చాస్తూ, "గెలిచినావులే అమ్మా!" అంది. నాలో కోపం ఇంకా ఉంది. అయినా ఆ కాసేపు నాకు ఏ కొరతా తోచలేదు. ఈ రాయి ఉంది, ఈ గాలి ఉంది, ఇంకాసేపట్లో అమ్మకు ఎండ వస్తుంది. దండం పెట్టుకోవాలనిపించింది. రాతికే పెట్టుకున్నాను.

అప్పుడు మున్నీ వచ్చింది. పండక్కి కుట్టించిన ఆకుపచ్చ పావడా వేసుకుంది. తలకు నూనె కారేటట్టు పెట్టి దువ్వించుకుంది. పాదాలు తోమి తోమి కడుక్కున్నట్టుంది, మడమలు ఎర్రబడి ఉన్నాయి. చెప్పులు మా ఇంటికి నాలుగు ఇళ్ల అవతలే విడిచి, సందులో ఒట్టి కాళ్లతో, మట్టి అంటకుండా వేళ్ల మీద నడుస్తూ వచ్చింది. అరుగు దగ్గర ఆగింది. అరుగును చూసింది. నన్ను చూసింది.

"అరుగు ఉండాది కదా అక్కా," అంది.

"ఉండాది."

"అయితే లోపల ల్యా?"

ఆ మాట ఆ పిల్ల ఏడుస్తూ అనలేదు. అడిగి తెలుసుకుని, దానికి తగ్గట్టు కూర్చుందామన్నట్టు అంది. అరుగు చివర, తానెప్పుడూ కూర్చునే చోటికి జరిగింది కూడా. పావడా నలగకుండా చేత్తో పట్టుకుంది.

మొన్నటినుంచి నాయన మీద, రెడ్డి మీద, నవ్విన ఊరి మీద పడిన కోపమంతా తిరిగి వచ్చి నా మీద పడింది. నేనేం చేశాను? నాకు కావలసిన అరుగు కోసం ఈ పిల్లను చూపించి నాయనను బెదిరించాను. పని జరిగింది. ఇప్పుడు దాన్ని మళ్లీ బయట కూర్చోబెట్టి, అంతా బాగుందని దండం పెట్టుకుంటున్నాను. ఈ రెండు మూరలు నాకు చాలని ఎన్నోసార్లు అనుకున్నాను. దానికి చాలునా అని రెండేళ్లలో ఒక్కసారీ అడగలేదు. నాయన కూతుర్ని కాకపోతే ఎవరి కూతుర్ని!

లేచి మున్నీ చెయ్యి పట్టుకున్నాను. "పాఠం లోపలే," అన్నాను.

నడవలో నాయన జపం చేసుకుంటున్నాడు. మేము గడప దాటగానే కళ్లు తెరిచాడు. "రాయి మిగిలింది కదే! నేను పొయ్యి అడిగి వచ్చినా కదా!" అన్నాడు. ఆయన గొంతులో కోపం కంటే ఆశ్చర్యం ఎక్కువ ఉంది.

"మిగిలింది నాయనా. అది అమ్మ ఎండకు. నేను పిల్చింది మాత్రం లోపలికే."

ఆయన అమ్మ కోసం చూశాడు. అమ్మ అప్పుడే వంటింట్లోంచి వస్తోంది. మున్నీ వచ్చే వేళ కాబట్టి అలవాటుగా చేతిలో నీళ్ల చెంబు పట్టుకుంది. మమ్మల్ని చూసి గోడ పట్టుకుని నిలబడిపోయింది. నాయన పీట తీసుకుని వంటింటి గడప లోపలికి వెళ్లాడు. తలుపు మూయలేదు.

మున్నీ నడవలో ఒక పక్కగా, గోడకు తగలకుండా, పావడా సర్దుకుని కూర్చుంది. ఇంట్లో ఒక్కొక్కటే చూసింది. దండెం, దీపం గూడు, పాత పంచాంగాల కట్ట. తర్వాత కింద బండ మీద అరచెయ్యి పెట్టింది.

"అక్కా, ఈడ బండలు చల్లగానే ఉండాయే," అంది. "అవ్వ నీళ్లు పొయ్యాల్సిన పని ల్యా."

తెలిసి అందో, తెలియక అందో నేను అడగలేదు. ఇప్పటికీ అడగలేదు. అమ్మ వంగలేక వంగి చెంబును గోడ వారగా పెట్టి, మోకాళ్లు పట్టుకుని మెల్లగా మున్నీ పక్కనే చతికిలబడింది.

నాకు కోపం తగ్గలేదు. బయట వనజమ్మ పిల్లలు వచ్చిన చప్పుడైంది. లోపలికి రమ్మని కేకేసి, మున్నీని పలక తీయమన్నాను.